బీరువా తెరిస్తే ముక్క వాసన రాకూడదంటే

తిరుపతిలో బట్టల వాసన గురించి మాట్లాడాలంటే ముందు నీళ్ళ గురించి మాట్లాడుకోవాలి. కార్పొరేషన్ కుళాయిలో కల్యాణి డ్యాం నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే వీధుల వాళ్ళ సంగతి వేరు, మిగతా మనందరం బోరు మీదా ట్యాంకరు మీదా బతికేవాళ్ళమే. ఆ ఉప్పు నీళ్ళ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, బకెట్ అంచున తెల్లగా పేరుకున్న పొరే చెప్తుంది. వాటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తెట్టుగా మారతాయి. ఆ తెట్టు ఎంత జాడించినా పోకుండా నూలు పోగుల మధ్య ఉండిపోతుంది, దానికి మన చెమటా ఒంటి జిడ్డూ తోడైతే ఇంక వాసన రాక ఏమవుతుంది? తువ్వాలు బిరుసెక్కిపోయి, ఒళ్ళు తుడుచుకుంటే తడి పీల్చకుండా, పైగా తడి తగలగానే కంపు కొడుతుంటే చాలాసార్లు కారణం ఇదే.

అప్పుడు మనమేం చేస్తాం? ఇంకో చెంచా పౌడరు ఎక్కువేస్తాం. పౌడరు ఎక్కువైన కొద్దీ జాడించడం కష్టం, బట్టలో మిగిలిపోయిన ఆ పౌడరే మళ్ళీ మురికిని పట్టి ఉంచుతుంది. అది చాలదన్నట్టు మంచి వాసన కోసం కంపెనీ లిక్విడ్ (ఫ్యాబ్రిక్ కండిషనర్) ఒక మూతెడు పోస్తాం, అది పోగుల మీద మెత్తటి పొర ఒకటి వేసి తువ్వాలు పీల్చే తడిని ఇంకా తగ్గిస్తుంది. అందుకే ఇంట్లో చేసుకునే చిట్కాలేవైనా చెప్పమని ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట వాళ్ళకు చప్పగానే ఉంటుంది: పౌడరు తగ్గించండి, చివరిసారి జాడించే నీళ్ళలో కొంచెం పులుపు వేయండి.

పులుపంటే తెల్ల వెనిగర్ అయినా సరే, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అయినా సరే. బకెట్ నీళ్ళకి అర టీ కప్పు వెనిగర్, లేదా ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు చాలు. మా ఇంట్లో నిమ్మ ఉప్పే వాడతాం, పచారీ అంగడిలో చవగ్గా దొరుకుతుంది, డబ్బాలో పోసిపెడితే ఎన్నాళ్ళైనా ఉంటుంది. సబ్బు క్షారం కాబట్టి ఈ పులుపు దాన్ని విరిచేస్తుంది, తెల్ల పొర కూడా కరుగుతుంది. వెనిగర్ వాసన బట్టకు పట్టేస్తుందేమో అని భయపడకండి, ఆరేలోపు అదే పోతుంది. మెషీన్ ఉన్నవాళ్ళు కండిషనర్ పోసే గడిలో పోసుకోవచ్చు, కాకపోతే మెషీన్ లోపలి రబ్బరుకు రోజూ పులుపు మంచిది కాదు, కాబట్టి ఎప్పుడో ఒకసారి తువ్వాళ్ళకీ దుప్పట్లకీ పెట్టుకుంటే సరిపోతుంది. నిమ్మకాయ పిండుకోవచ్చు కదా అంటారు, తెల్ల బట్టలకైతే పిండుకోండి. రంగు బట్టల మీద నిమ్మరసం పడి, దాన్ని మన ఎండలో ఆరేస్తే అక్కడక్కడా రంగు వెలుస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ బ్లీచింగ్ పౌడరుతో, బ్లీచ్ ద్రావణంతో అస్సలు కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న బాత్రూంలో తలుపేసుకుని ఆ ప్రయోగం చేస్తే ఊపిరాడక పడిపోవచ్చు. ఇంకోటి, వీడియోల్లో వంట సోడా, వెనిగర్ కలిపి బుసబుసా పొంగించి "చూడండి మురికి ఎలా పోతోందో" అంటుంటారు కదా, ఆ పొంగు చూడ్డానికి బావుంటుంది, అంతే. పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, చివరికి మిగిలేది దాదాపు ఉత్త ఉప్పు నీళ్ళు, అవి మన బోరులో ఎలాగూ ఉన్నాయి. రెండూ వాడాలనుకుంటే విడివిడిగా వాడండి. ముందు వంట సోడా మూడు నాలుగు చెంచాలు బకెట్ నీళ్ళలో కలిపి జాకెట్లు, చొక్కాలు, బనియన్లు అరగంట నానబెట్టండి, చంకల దగ్గర పట్టేసిన చెమట వాసన దానికి బాగా లొంగుతుంది. తర్వాత మామూలుగా ఉతికి, ఆఖర్న పులుపు నీళ్ళు. పట్టుకీ ఉన్నికీ మాత్రం సోడా తగలనివ్వకండి, అవి క్షారానికి తట్టుకోవు.

ఇక వానలు. ఆంధ్రలో చాలా చోట్ల శ్రావణ భాద్రపదాల్లో ముసురు పడితే మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడున్న వాళ్ళెవరూ మర్చిపోరు. నీళ్ళు తీసేశాక కూడా ఇళ్ళలో గోడలు చెమ్మతోనే ఉన్నాయి, బీరువాల్లో అడుగు అరల బట్టలన్నీ బూజు పట్టాయి. అంత వరద రాకపోయినా కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పడితే చాలు, ఉతికిన బట్టలకు ఆ తెలిసిన కంపు వచ్చేస్తుంది.

ఆ కంపు ఎక్కణ్ణించి వస్తుందో జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా, బట్టలో మిగిలిపోయిన చెమటనీ జిడ్డునీ తిని ఒక రకం కొవ్వు ఆమ్లాన్ని వదులుతుంది, మన ముక్కు పట్టుకునేది దాన్నే. చిరాకు పెట్టే విషయం ఏమిటంటే ఈ బ్యాక్టీరియా ఆరబెట్టినా అంత తేలిగ్గా చావదు, అతినీలలోహిత కిరణాలకు కూడా బాగానే తట్టుకుంటుంది. అందుకే ఒకసారి కంపు పట్టిన తువ్వాలు ఎండలో ఆరి శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది, మర్నాడు తల తుడుచుకోగానే మళ్ళీ మొదలు. ఇస్త్రీ పెట్టె ఆవిరి తగిలినా అంతే.

దీనికి మందు వేడి నీళ్ళు. నూలు బట్టలైతే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో అరగంట పైగా నానబెట్టి ఉతకండి. చాకలివాళ్ళు చౌడు మట్టి నీళ్ళలో ముంచి, బానల మీద ఆవిరి పట్టి, ఆ తర్వాత రేవులో బండ మీద ఉతికేవాళ్ళు, మా జేజి ఆ ఉతుకు గురించి ఇప్పటికీ చెప్తుంది. ఆ చౌడులో ఉండేది సహజమైన సోడానే. క్షారం, ఆవిరి, పారే నీళ్ళు, ఎండ, ఈ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి తగిలితే ఏ క్రిమి మిగులుతుంది చెప్పండి. ఇప్పుడు మనం చల్లటి నీళ్ళలో పావుగంట తిప్పి, మెషీన్లోనే రెండు గంటలు మరచిపోయి, ఆ తర్వాత బాల్కనీలో ఒకదాని మీద ఒకటి వేసి, వాసన వస్తోందంటే సెంటు కొడుతున్నాం.

ముసురు రోజుల్లో నేను పాటించేది పెద్దగా ఏమీ లేదు. బట్టలు తక్కువ తక్కువగా ఉతకడం, మెషీన్ తిరగడం ఆగగానే తీసేయడం, దండెం మీద బట్టకీ బట్టకీ బెత్తెడు ఖాళీ ఉంచడం, లోపల ఆరేస్తే ఫ్యాను కింద ఆరేసి ఒక కిటికీ తెరిచి ఉంచడం. జీన్సు జేబులు బయటికి లాగి ఆరేయండి, వాసన ముందు మొదలయ్యేది అక్కడే. మెషీన్ తలుపు రబ్బరు మడత వేలితో ఒకసారి తెరిచి చూడండి, అక్కడ పేరుకున్న మురికి చూశాక ఈ పేరా మళ్ళీ చదవక్కర్లేదు.

ఎండ సంగతికొస్తే మనకు కరువా? మేలో మిద్దె మీద పావుగంటలో చీర ఆరిపోతుంది. రంగు బట్టలు తిరగేసి ఆరేయాలి, పట్టు నీడలోనే ఆరేయాలి, అంతే.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను, ట్రంకు పెట్టెలు, బీరువాలు. మా జేజి ట్రంకు పెట్టె తెరిస్తే ఆ గదంతా వట్టివేళ్ళ వాసన. వట్టివేళ్ళ గొప్పతనం ఏంటంటే వాటి తైలం బరువైనది, నిమ్మ, నీలగిరి తైలాల్లా తొందరగా ఎగిరిపోదు, అందుకే ఏళ్ళ తరబడి సన్నగా వాసన వస్తూనే ఉంటుంది. పూజా సామాన్లు, మూలికలు అమ్మే అంగళ్ళలో కట్టలుగా దొరుకుతాయి. కొన్నాక మట్టి దులిపి, నీళ్ళలో ఒకసారి జాడించి, బాగా ఎండబెట్టి, పల్చటి పాత పంచె గుడ్డలో మూట కట్టి పెట్టండి. వాసన తగ్గిందనిపిస్తే కొంచెం నీళ్ళు చిలకరించి మళ్ళీ ఎండబెడితే తిరిగి లేస్తుంది. చీరల మధ్య వేళ్ళు విడిగా మాత్రం పెట్టకండి, జరీ పోగుల్లో చిక్కుకుంటాయి.

వట్టివేళ్ళ తర్వాత నా ఓటు దవనానికి. పూల అంగట్లో మాలలో కట్టే ఆ బూడిద రంగు ఆకే. చాలా పూలు వాడగానే వాసన పోయి కుళ్ళు వాసన మొదలవుతుంది, దవనం మాత్రం ఎండిన కొద్దీ ఘుమఘుమలాడుతుంది. పొగడ పూలు కూడా అలాగే, చెట్టు కింద రాలినవి ఏరి నీడలో ఆరబెడితే ఎండిపోయాక కూడా వాసన పోదు. ఇక మొగలి రేకులు చీర మడతల్లో పెట్టడం మన పాతకాలపు అలవాటే గానీ పచ్చి రేకు పెడితే చెమ్మ దిగి పట్టు మీద మరక పడుతుంది, కాగితంలో చుట్టి రెండు రోజులుంచి తీసేయాలి. మల్లెలు వద్దు.

పురుగుల కోసమైతే వస కొమ్ము. చిన్నపిల్లల నాలుక మీద అరగదీసి పెడతారే, అదే (పిల్లలకు అలా పెట్టడం మంచిది కాదని డాక్టర్లు ఇప్పుడు మొత్తుకుంటున్నారు, బీరువాకైతే ఏ ఇబ్బందీ లేదు). ఘాటైన వాసన, పురుగులకు గిట్టదు. దానితో పాటు నాలుగు లవంగాలు, కొన్ని కచ్చూరాలు, నీడలో ఎండిన వేపాకు గుప్పెడు కలిపి కచ్చాపచ్చాగా దంచి మూట కడితే మా ఇంట్లో పట్టు చీరల అరకు అదే కాపలా. బరకగా దంచాలి, మెత్తటి పొడి అయితే గుడ్డలోంచి రాలి చీరకు పసుపు మరకలు చేస్తుంది. పచ్చి వేపాకు అస్సలు వద్దు, అది తెచ్చేది చెమ్మనే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఈ మూటలు పురుగును రానివ్వకుండా కొంతవరకు ఆపుతాయి, వచ్చిన పురుగును చంపవు. ఉన్నినీ పట్టునీ తినేది చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు, అది కూడా చెమట, కూర మరక ఉన్న చోటునే ముందు కొరుకుతుంది. పెళ్ళిలో కట్టిన చీర "ఒక్కసారే కదా కట్టింది" అని అలాగే మడిచి పెట్టేస్తే ఎన్ని మూటలు పెట్టినా లాభం లేదు. ఒక రాత్రి గాలికి ఆరేయండి, చంకా మెడా తగిలిన చోట్లు చూడండి, ఆ తర్వాతే లోపల పెట్టండి.

గంజి కూడా అలాంటిదే. మన జిల్లాలోకే వచ్చిన వెంకటగిరి నూలు చీర గంజి పెట్టి కడితేనే అందం, నేనేం కాదనను, కానీ నెలల తరబడి దాచే చీరకు గంజి ఉండకూడదు. పాత పుస్తకాల్లో పరుగెత్తే వెండి రంగు పురుగు ఉంటుంది చూడండి, దానికి పిండి పదార్థమంటే ప్రాణం, గంజి చీరకు బొక్కలు పెట్టేది అదే. దాచేముందు గంజి పోయేలా ఉతికి, కట్టుకునేముందు మళ్ళీ పెట్టుకోండి. గంజి ఎప్పటికప్పుడు కాచుకోండి, నిన్నటి గంజి పెడితే పులిసిన వాసన ఏ అత్తరుకీ లొంగదు.

పట్టు ఇంట్లో ఉతకచ్చా అని చాలామంది అడుగుతారు. జరీ తక్కువున్న మెత్తటి పట్టు అయితే కుంకుడు కాయ రసంతో ఉతకచ్చు. పది పన్నెండు కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున కాసేపు ఉడికించి, పిసికి, రెండుసార్లు వడకట్టండి. అది చల్లారాక బకెట్ నీళ్ళలో కలిపి చీర ముంచి తీయడమే, రుద్దకూడదు, పిండకూడదు. కుంకుడులో సహజంగా ఉండే సపోనిన్లే నురగ తెస్తాయి, సబ్బులా క్షారం కాదు కాబట్టి పట్టు మెరుపు పోదు. లేత రంగులకు మాత్రం కుంకుడు గోధుమ రంగు అంటే ప్రమాదం ఉంది, ముందు లోపలి కొంగు మూల తడిపి చూడండి. పెద్ద జరీ అంచున్న పెళ్ళి పట్టు జోలికి వెళ్ళకండి, అది డ్రై క్లీనింగుకే.

సాంబ్రాణి గురించి కూడా అడుగుతారు. నిప్పుల మీద అసలైన సాంబ్రాణి వేసి, వెదురు బుట్ట బోర్లించి, దాని మీద నూలు బట్టలు పరిస్తే వచ్చే వాసన వేరే దేనికీ రాదు. పసిపిల్లల తలంటు రోజున గుడ్డలకూ అదే పొగ పట్టించేవాళ్ళు (పసివాళ్ళ ఊపిరికి పొగ మంచిది కాదు, ఇప్పుడు మాత్రం చేయకండి). కంప్యూటర్ సాంబ్రాణితో ఆ పని అవదు, అందులో ఎక్కువ ఉండేది పొట్టూ సెంటూ. సింథటిక్ బట్టలు బుట్ట దగ్గరకు కూడా తీసుకురావద్దు, రవ్వ పడితే అంటుకుంటాయి. తెల్ల బట్టలకు పొగ పసుపు పట్టిస్తుంది.

చందనం చెక్క పెట్టచ్చు, దొరికితే. తిరుపతిలో ఉంటామంటే బయటూళ్ళ చుట్టాలు "బీరువాలో పెట్టుకోను ఎర్రచందనం ముక్క దొరుకుతుందా వదినా" అని గుసగుసగా అడుగుతుంటారు, నాకు నవ్వొస్తుంది. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనానికి మంచిగంధం వాసన ఉండదు, దాని విలువంతా రంగుకీ చెక్కకీ. కొట్టి అమ్మితే జైలు, తెచ్చి బీరువాలో పెడితే వాసన కూడా లేదు, ఎందుకొచ్చిన టెన్షన్ చెప్పండి.

పచ్చకర్పూరం సంగతి వేరు. మా ఇంట్లో ఒక శేషవస్త్రం ఉంది, దాన్ని దాచిన అరలో కాగితంలో మడిచిన చిన్న పచ్చకర్పూరం పలుకు ఉంటుంది, తలుపు తీయగానే గుడి గుర్తొస్తుంది. హారతి కర్పూరం కూడా పెట్టుకోవచ్చు గానీ అది గాలిలో కలిసిపోతూ కొన్నాళ్ళకు మాయమవుతుంది, మళ్ళీ మళ్ళీ పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో ఏ కర్పూరమైనా చేతికందే ఎత్తులో పెట్టకండి, మింగితే ఫిట్స్ వస్తాయి.

చెమ్మ కోసం బొగ్గులు. ఇస్త్రీ బండి అతన్ని అడిగితే నాలుగు ఇస్తాడు. గుడ్డ సంచిలో కట్టి అర మూలన పెట్టండి, నెలకోసారి ఎండలో పెట్టి మళ్ళీ వాడుకోండి. బీరువాని గోడకు ఆనించకండి, నాలుగు వేళ్ళ సందు ఉంచండి, ముఖ్యంగా ఆ గోడకు అవతల బాత్రూం ఉంటే. పట్టు చీరలు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే జరీ విరుగుతుంది. బీరువా మొత్తం దించి ఎండకీ గాలికీ పెట్టే పని మన వైపు రెండుసార్లు చేస్తే మంచిది, అక్టోబరు వానలకు ముందొకసారి, సంక్రాంతి తర్వాత మంచు తగ్గాక ఇంకోసారి.

గంగమ్మ జాతర చీరల గురించి చెప్పకపోతే మా ఇంట్లో వాళ్ళు ఊరుకోరు. మేలో జాతరకు మగవాళ్ళు ఆడవేషం కట్టడం మన ఊళ్ళో మామూలే కదా, మా తమ్ముడు వేషం వేసిన ప్రతిసారీ నా చీరే పట్టుకెళ్తాడు. తిరిగొచ్చిన చీరలో పసుపు, కుంకుమ, గంధం, వేపాకు, మే నెల చెమట, అన్నీ ఉంటాయి. దాన్ని మొదటే వంట సోడాలో ముంచితే పసుపు కాస్తా ఎర్రబడిపోతుంది, పసుపుకు క్షారం తగిలితే అంతే. ముందు చల్లటి నీళ్ళతో జాడించి, మామూలు సబ్బుతో ఉతికి (సబ్బూ క్షారమే, కాస్త ఎర్రబడినా కంగారు పడకండి), పులుపు నీళ్ళలో తీసి మంచి ఎండలో వేయాలి, పసుపు రంగు ఎండకే వెలుస్తుంది. ఇది నూలు చీర మాట. పట్టు చీర అడిగితే ఇవ్వను.

చివరగా కలరా ఉండలు. దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి, పురుగుల్ని నిజంగానే చంపుతాయి కూడా, అందుకే వాటిని తిట్టడం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. కానీ నాఫ్తలీన్ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే వర్గీకరించింది. అంతకంటే దగ్గరి ప్రమాదం పసిపిల్లలకు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువుకు కలరా ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం ఉందో లేదో చాలామందికి పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఇంట్లో ఎవరికైనా కాన్పు దగ్గర పడుతుంటే, పెద్దవాళ్ళు దాచిన మెత్తటి పాత చీరలు పొత్తిగుడ్డల కోసం ట్రంకు పెట్టెలోంచి తీస్తారు కదా, వాటిని ఒకటికి రెండుసార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఆరుబయట గాలికి వేసి, ముక్కు దగ్గర పెట్టి చూశాకే బిడ్డకు చుట్టండి. కలరా ఉండల వాసన ఇంకా తగులుతోందంటే ఆ చీర పక్కన పెట్టేసి వేరేది తీయండి.